హిర్ష్‌హార్న్ మ్యూజియం మరియు శిల్పోద్యానం

హిర్ష్‌హార్న్ మ్యూజియం మరియు శిల్పోద్యానం అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజధాని వాషింగ్టన్ నగరంలో ఉన్న ఒక ఆధునిక, సమకాలీన కళల సంగ్రహాలయము. ఇది నేషనల్ మాల్ అనే పొడవైన పచ్చిక మైదానానికి దక్షిణపు అంచున ఉన్నది. స్మిత్‌సోనియన్ సంస్థ దీనిని నిర్వహిస్తున్నది. ప్రవేశము ఉచితము. జోసెఫ్ హిర్ష్‌హార్న్ అనే వ్యాపారి దేశానికి దానమిచ్చిన కళాఖండాలతో ఈ సంగ్రహాలయం 1974 అక్టోబరులో ప్రారంభమైనది. దీని భవనాన్ని గోర్డన్ బన్‌షాఫ్ట్ అనే వాస్తుశిల్పి రూపొందించాడు.

సంగ్రహాలయం పేరులోనే శిల్పోద్యానం కూడా చేరి ఉండడం ఇక్కడి విశేషము. నాలుగు స్తంభాలపై నిలిచిన గుండ్రని భవనము, దాని క్రిందా చుట్టూ ఉన్న ప్రాంగణము, వీధికి ఆవల నేలమట్టం కంటె లోతున ఉన్న తోట - ఈ మూడూ కలిసి ఒకే రచనగా ఉద్దేశించబడినవి. ఆరుబయలు శిల్పానికీ సంగ్రహాలయ వాస్తుకూ గల సంబంధాన్ని తెలుసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ. ఈ తోట ఎలా ఉండాలన్న విషయంపై అయిదు దశాబ్దాలకు పైగా వాదోపవాదాలు జరిగాయి.

ముఖ్య వివరాలు

స్థలము: నేషనల్ మాల్, వాషింగ్టన్ డి.సి.
నిర్వహణ: స్మిత్‌సోనియన్ సంస్థ
స్థాపక చట్టము: 1966 నవంబరు 7
ప్రారంభము: 1974 అక్టోబరు
వాస్తుశిల్పి: గోర్డన్ బన్‌షాఫ్ట్ (1909 - 1990)
భవనం వెలుపలి వ్యాసము: 231 అడుగులు
ఎత్తు: 82 అడుగులు
ప్రాంగణం వైశాల్యము: సుమారు 2.7 ఎకరాలు
శిల్పోద్యానం వైశాల్యము: సుమారు 1.3 ఎకరాలు

నేపథ్యము

చిత్రపటానికి గోడ, పైకప్పు, అదుపులో ఉన్న వెలుతురు అవసరము. శిల్పం సంగతి వేరు. దానిని అన్ని వైపుల నుండి చూడవలసి ఉంటుంది. ఎండ పడే దిక్కు మారిన కొద్దీ దానిపై నీడలు మారి, రూపం వేరుగా కనిపిస్తుంది. అందువలన పెద్ద శిల్పాలకు ఆరుబయలే తగిన చోటని చాలామంది శిల్పులు భావించారు. ఆంగ్ల శిల్పి హెన్రీ మూర్ వీరిలో ముఖ్యుడు.

అయితే ఆరుబయట శిల్పాన్ని నిలపడంలో కొన్ని చిక్కులు ఉన్నాయి. మొదటిది పరిమాణము. గదిలో పెద్దదిగా కనిపించిన విగ్రహం మైదానంలో చిన్నబోతుంది. రెండవది వెనుకతలము. శిల్పం వెనుక వాహనాలు, కిటికీలు, జనసంచారం ఉన్నప్పుడు దాని అంచులు కంటికి స్పష్టంగా ఆనవు. మూడవది వాతావరణము. వాన, మంచు, ఎండ, నగరంలోని గాలి రాతిని, లోహాన్ని, రంగును క్రమంగా పాడుచేస్తాయి.

ఈ చిక్కులకు వాస్తుశిల్పులు వేర్వేరు పరిష్కారాలు కనుగొన్నారు. చుట్టూ గోడ కట్టి తోటను కప్పులేని గదిగా మార్చడం ఒక పద్ధతి. చెట్ల మధ్య శిల్పాలను దూరదూరంగా ఉంచి, సందర్శకుడు నడుస్తూ ఒక్కొక్కదాన్ని చేరుకొనేలా చేయడం మరొక పద్ధతి. నేలను త్రవ్వి తోటను లోతుకు దింపడం మూడవది. హిర్ష్‌హార్న్‌లో మొదటి, మూడవ పద్ధతులు కలిసి కనిపిస్తాయి.

దాత - సేకరణ

జోసెఫ్ హిర్ష్‌హార్న్ 1899లో లాత్వియాలో ఒక పెద్ద యూదు కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే తల్లితో, తోబుట్టువులతో అమెరికాకు వలస వచ్చి న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పెరిగాడు. చిన్న వయసులోనే చదువు మాని వాల్‌స్ట్రీట్‌లో పనికి చేరి, తరువాత షేర్ల దళారిగా ధనం గడించాడు. 1929లో షేర్ల మార్కెట్ కుప్పకూలడానికి కొద్ది కాలం ముందే తన వాటాలను అమ్ముకొని బయటపడ్డాడు. 1950లలో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో యురేనియం గనుల ద్వారా ఇతని సంపద అనేక రెట్లు పెరిగినది.

హిర్ష్‌హార్న్ చిత్రాలతో పాటు శిల్పాలను విరివిగా కొన్నాడు. కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రీన్విచ్‌లో ఉన్న తన ఇంటి చుట్టూ పచ్చికపై రోడిన్, మూర్ మొదలైన వారి శిల్పాలను నిలిపాడు. కాబట్టి ఈ సేకరణ సంగ్రహాలయానికి చేరక ముందే అందులోని శిల్పాలకు ఆరుబయలు అలవాటైనదని చెప్పవచ్చును. 1962లో న్యూయార్కులోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఇతని సేకరణ నుండి నాలుగు వందలకు పైగా శిల్పాలు ప్రదర్శించబడినవి. దానితో ఈ సేకరణ ప్రసిద్ధి చెందినది. దానిని తమ వద్ద ఉంచాలని పలు నగరాలు, దేశాలు కోరాయి.

స్మిత్‌సోనియన్ సంస్థ కార్యదర్శి డిల్లన్ రిప్లీ, అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఆయన భార్య లేడీ బర్డ్ జాన్సన్ చొరవ తీసుకొని సేకరణ వాషింగ్టన్‌కు వచ్చేలా చేశారు. మొదటి దానంలో సుమారు 6,000 కళాఖండాలు ఉన్నాయి. భవన నిర్మాణానికి కూడా హిర్ష్‌హార్న్ 10 లక్షల డాలర్లు ఇచ్చాడు. 1981లో ఆయన మరణించిన తరువాత వీలునామా ద్వారా మరికొన్ని వేల ఖండాలు సంగ్రహాలయానికి చేరాయి. వలస వచ్చిన తనవంటి వారికి ఈ దేశం చేసిన మేలుకు ఇది చిన్న ప్రతిఫలమని ఆయన చెప్పుకొన్నాడు.

చట్టము - స్థలము

సంగ్రహాలయాన్ని స్థాపించే చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ 1966 నవంబరు 7న సంతకం చేశాడు. 1969 జనవరిలో శంకుస్థాపన జరిగినది. ఎంపికైన స్థలంలో అంతకు ముందు 1887 నాటి సైనిక వైద్య సంగ్రహాలయం ఉండేది. ఆ ఎర్ర ఇటుకల భవనానికి 1965లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు లభించినప్పటికీ, కొత్త సంగ్రహాలయం కొరకు దానిని కూల్చివేశారు.

ఈ పథకానికి గట్టి వ్యతిరేకత ఎదురైనది. నేషనల్ మాల్ దేశ ప్రజలందరిదీ అయినప్పుడు అక్కడి కట్టడానికి ఒక ధనికుని పేరు పెట్టడం తగునా అన్నది మొదటి ప్రశ్న. పాత శైలి భవనాల మధ్య అధునాతనమైన కాంక్రీటు రూపం పొసగుతుందా అన్నది రెండవ ప్రశ్న. అన్నిటికంటె పెద్ద వివాదం శిల్పోద్యానంపై వచ్చినది.

శిల్పోద్యానం తొలి ప్రణాళిక

వాషింగ్టన్ నగరానికి పియేర్ లాన్‌ఫాన్ 1791లో ప్రణాళిక గీశాడు. కాపిటల్ భవనం నుండి పడమరకు సాగే విశాలమైన బాట అందులో ముఖ్యమైనది. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో మెక్‌మిలన్ సంఘం ఆ భావనను పునరుద్ధరించి నేటి నేషనల్ మాల్‌కు రూపమిచ్చినది. కాపిటల్ నుండి వాషింగ్టన్ స్మారక స్తంభం వరకు అడ్డులేని దృశ్యం ఉండడమే ఈ మైదానం ప్రాణము.

బన్‌షాఫ్ట్ తొలి ప్రణాళికలో శిల్పోద్యానం ఈ మైదానానికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా ఉన్నది. నేలమట్టం కంటె లోతుగా పొడవాటి తోట, అందులో నీటి కొలను ఉండాలని ఆయన తలచాడు. మాల్‌కు ఉత్తరాన 8వ వీధి ఇరుసుపై జాతీయ పత్రాగారం ఉన్నది. దక్షిణాన సరిగ్గా దానికి ఎదురుగా హిర్ష్‌హార్న్ భవనం ఉన్నది. ఈ రెంటినీ తోట కలుపుతుందని ఆయన ఊహ.

ప్రజలు నడిచే మైదానాన్ని ఈ తోట రెండుగా చీలుస్తుందని విమర్శకులు ఆక్షేపించారు. ప్రతినిధుల సభలోనూ దీనిపై చర్చ జరిగినది. చివరకు 1971లో ప్రణాళిక మార్చబడినది. కళావిమర్శకుడు బెంజమిన్ ఫోర్జీ చేసిన సూచన ఆధారంగా తోటను మాల్‌కు సమాంతరంగా, తూర్పు పడమరలుగా త్రిప్పి, విస్తీర్ణాన్ని సుమారు 2 ఎకరాల నుండి 1.3 ఎకరాలకు తగ్గించారు. తోట 6 నుండి 14 అడుగుల లోతున ఉన్నది. అందువలన మైదానంలో నిలబడిన వారి చూపుకు ఏ శిల్పమూ అడ్డు రాదు. తోటలోకి దిగిన వారికి మాత్రం నాలుగు గోడల మధ్య ప్రశాంతమైన చోటు లభిస్తుంది.

భవనము

భవనం లోపల బోలుగా ఉన్న ఒక పెద్ద స్థూపాకారము. వెలుపలి వ్యాసం 231 అడుగులు. లోపలి వృత్తాకార ప్రాంగణం వ్యాసం 115 అడుగులు. ఈ రెండు వృత్తాలకూ కేంద్రం ఒకటి కాదు; లోపలి వృత్తం 4 అడుగులు ప్రక్కకు జరిపి ఉన్నది. దీనివలన ప్రదర్శనశాలల వెడల్పు ఒక వైపు ఎక్కువగా, ఒక వైపు తక్కువగా ఉంటుంది. గులాబి రంగు గ్రానైటు పొడి కలిపిన కాంక్రీటుతో వెలుపలి గోడ తయారైనది. స్థూపం మొత్తం నేల నుండి 14 అడుగుల ఎత్తున నాలుగు భారీ స్తంభాలపై నిలిచి ఉన్నది.

తెలుగు నేలపై పాతకాలపు మండువా లోగిలి చూసినవారికి ఈ ఏర్పాటు సులభంగా అర్థమవుతుంది. మధ్యలో ఆకాశం కనిపించే ఖాళీ స్థలము, దాని చుట్టూ గదులు ఉంటాయి. అయితే మండువాలో వాన నీరు ఇంటి నడుమ పడుతుంది. ఇక్కడ ఆ నడిమి చోట 60 అడుగుల వ్యాసం గల కాంస్యపు జలయంత్రం ఉన్నది. లోగిలికి వీధి వైపు ఒక గుమ్మం ఉంటుంది. ఇక్కడ భవనమే గాలిలోకి లేచినందువలన నలువైపుల నుండి లోపలికి నడిచి రావచ్చును.

వెలుపలి గోడకు కిటికీలు లేవు. మాల్ వైపున 70 అడుగుల పొడవు గల ఒక్క తెరుపు మాత్రమే ఉన్నది. అక్కడి నుండి శిల్పోద్యానాన్ని, మైదానాన్ని చూడవచ్చును. లోపలి గోడ మాత్రం అద్దాలతో నిండి ఉంటుంది. ప్రతి ప్రదర్శన అంతస్తులోనూ రెండు వలయాలు ఉన్నాయి. వెలుపలి వలయంలో కిటికీలు లేని గదులు చిత్రాలకు అనువైనవి. లోపలి వలయంలో అద్దాల ప్రక్కన, పగటి వెలుగులో శిల్పాలు ఉంచుతారు. వెలుతురుతో చిత్రానికీ శిల్పానికీ ఉన్న తేడా ఈ విధంగా భవనం ఆకృతిలోనే ఇమిడి ఉన్నది.

బన్‌షాఫ్ట్ స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థలో పనిచేశాడు. న్యూయార్కులోని లీవర్ హౌస్ (1952), యేల్ విశ్వవిద్యాలయంలోని బైనెకీ గ్రంథాలయం (1963) ఈయన ఇతర రచనలు. బైనెకీ గ్రంథాలయం ముందు లోతుగా త్రవ్విన చావడిలో శిల్పి ఇసాము నొగుచి పాలరాతి రూపాలను అమర్చాడు. కట్టడం ప్రక్కనే నేలను దింపి శిల్పానికి చోటు కల్పించే ఆలోచన బన్‌షాఫ్ట్‌కు కొత్త కాదని దీనివలన తెలుస్తుంది. ఈయన స్వయంగా ఆధునిక శిల్పాలను సేకరించాడు. 1988లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందాడు.

విమర్శలు

భవనం ప్రారంభం కాగానే తీవ్రమైన విమర్శలు వచ్చాయి. న్యూయార్క్ టైమ్స్ పత్రిక వాస్తు విమర్శకురాలు ఏడా లూయీ హక్స్‌టబుల్ దీనిని సైనిక స్థావరంతోను, ఇంధనపు ట్యాంకుతోను పోల్చినది. సామాన్య ప్రజలు దీనికి డోనట్ అని ముద్దుపేరు పెట్టారు. నడుమ రంధ్రం ఉండే తీపి వడ వంటి అమెరికన్ పిండివంటకు డోనట్ అని పేరు.

బన్‌షాఫ్ట్ దృష్టిలో ఈ భవనం ఉపయోగపడే ఒక పెద్ద శిల్పము. ఈ మాటలోనే అసలు చిక్కు ఉన్నది. భవనమే శిల్పమైతే దాని ముందు నిలిచే శిల్పాల గతి ఏమి కావాలి? భవనం క్రిందనే నిలిపిన విగ్రహాలు దాని భారం ముందు చిన్నవిగా కనిపించే అవకాశం ఉన్నది. మరోవైపు ఏ అలంకారమూ లేని ఆ గోడ శిల్పాలకు నిరాడంబరమైన వెనుకతలం అవుతుంది. ఈ రెండు అభిప్రాయాలకూ ఆధారాలు అక్కడే కనిపిస్తాయి.

1981 నాటి మార్పు

బన్‌షాఫ్ట్ వేసిన తొలి తోట అతి నిరాడంబరమైనది. జపాను దేశపు జెన్ తోటల ప్రభావం దానిపై ఉన్నది. నేలపై కంకర, చుట్టూ కాంక్రీటు గోడలు, దీర్ఘచతురస్రాకారపు కొలను, బహు కొద్ది చెట్లు మాత్రమే ఉండేవి. చిత్రంలో చూడడానికి ఇది అందంగా ఉన్నా, అనుభవంలో ఇబ్బందులు తెలిసివచ్చాయి. వాషింగ్టన్ వేసవిలో ఎండ, ఉక్కపోత ఎక్కువ. నీడ లేని కంకర నేల, గోడల మధ్య చిక్కిన వేడి సందర్శకులను నిలువనీయలేదు. అంతకంటె ముఖ్యంగా, తోటలోకి దిగడానికి మెట్లు మాత్రమే ఉన్నందువలన చక్రాల కుర్చీలో వచ్చేవారికి ప్రవేశం లేకపోయినది. కంకరపై ఆ కుర్చీలు, పిల్లల బండ్లు కదలడం కూడా కష్టమైనది.

ఉద్యాన శిల్పి లెస్టర్ కాలిన్స్ ఈ తోటను తిరిగి రూపొందించాడు. కొత్త తోట 1981లో తెరవబడినది. వాలుదారులు, పచ్చిక పరచిన చతురాలు, నడకకు గట్టి బాటలు, నీడనిచ్చే చెట్లు ఏర్పడినవి. బన్‌షాఫ్ట్ గీసిన గోడలు, కొలను మిగిలాయి. ఒకే పెద్ద అంకణంగా ఉన్న తోట చిన్న చిన్న గదులుగా విడిపోయినది. మధ్యరకం పరిమాణం గల కాంస్య శిల్పాలకు ఇది మేలు చేసినది. చెట్టు నీడలో నాలుగైదు అడుగుల దూరం నుండి చూసినప్పుడు ఆ శిల్పాలు తమ సహజమైన పరిమాణంలో కనిపిస్తాయి.

భవనం చుట్టూ ఉన్న ప్రాంగణంలో 1990ల ఆరంభంలో జేమ్స్ అర్బన్ మార్పులు చేశాడు. అక్కడ కూడా పచ్చిక, చెట్లు పెరిగాయి. ప్రాంగణాన్నీ తోటనూ కలుపుతూ జెఫర్సన్ డ్రైవ్ అనే వీధి క్రింద ఒక సొరంగ మార్గం మొదటి నుండి ఉన్నది. అయితే అది చాలాకాలం సందర్శకులకు మూసి ఉన్నది. కొంతకాలం అందులో యువకుల కళా శిక్షణశాల నడిచినది. సొరంగం మూతపడడంతో భవనానికీ తోటకూ మధ్య వీధి అడ్డుగా నిలిచినది. ఒకే రచనగా ఉద్దేశించిన రెండు భాగాలు విడివిడిగా అనిపించడానికి ఇది ఒక కారణము.

ముఖ్యమైన శిల్పాలు

ఉద్యానంలోను, ప్రాంగణంలోను ఉంచిన శిల్పాలు కాలానుగుణంగా మారుతూ వచ్చాయి. ప్రసిద్ధమైన వాటిలో కొన్ని:

కలే పురజనులు - ఒగుస్త్ రోడిన్. 1347లో తమ పట్టణాన్ని రక్షించడానికి ప్రాణాలర్పించ సిద్ధపడిన ఆరుగురు పౌరుల విగ్రహ సముదాయము. దీని నమూనా 1884 - 89 మధ్య తయారైనది. ఇక్కడ ఉన్నది తరువాతి కాలపు పోత. ఈ పౌరులు జనం మధ్య, నేలపై నిలిచినట్లు ఉండాలని రోడిన్ కోరుకొన్నాడు. కలే పట్టణంలో మాత్రం 1895లో ఎత్తైన పీఠంపై నిలిపారు. పీఠం ఎత్తు కూడా శిల్పం అర్థాన్ని మారుస్తుందని చెప్పడానికి ఇది తరచుగా ఇచ్చే ఉదాహరణ.

బాల్జాక్ స్మారకము - ఒగుస్త్ రోడిన్. ఫ్రెంచి రచయిత బాల్జాక్ విగ్రహము. దీనిని చేయించిన రచయితల సంఘమే 1898లో దీనిని తిరస్కరించినది.

వీపులు - హెన్రీ మతీస్. 1909 నుండి సుమారు 1930 వరకు చేసిన నాలుగు పెద్ద కాంస్య ఫలకాలు. స్త్రీ వెనుక భాగం ఒక ఫలకం నుండి మరొకదానికి క్రమంగా సరళమవుతుంది. ఇవి ఉబ్బెత్తు చెక్కడాలు కనుక వీటికి గోడ కావాలి. తోట గోడ ఇక్కడ కేవలం హద్దుగా కాక ప్రదర్శనకు ఆధారంగా పనిచేసినది.

రాజు, రాణి - హెన్రీ మూర్ (1952 - 53). బల్లపై కూర్చున్న రెండు కాంస్య రూపాలు. దీని మరొక పోత స్కాట్లండులోని గ్లెన్‌కిల్న్ కొండలపై నిలపబడినది. ఒకే శిల్పం కొండ మీద ఒక విధంగా, నగరపు తోటలో మరొక విధంగా తోస్తుంది.

సూది గోపురము - కెన్నెత్ స్నెల్సన్ (1968). అల్యూమినియం గొట్టాలు, ఉక్కు తీగలతో చేసిన 60 అడుగుల ఎత్తైన శిల్పము. గొట్టాలు ఒకదానికొకటి తగలకుండా తీగల బిగువుపై నిలిచి ఉంటాయి. క్రింద నిలబడి పైకి చూస్తే ఆరు కోణాల నక్షత్రం కనిపిస్తుంది. బరువుగా కనిపించే భవనం ప్రక్కన ఇంత తేలికైన రూపం ఉండడం చూపరులను ఆకర్షిస్తుంది.

సంవత్సరాలంటే ఏమిటి? - మార్క్ డి సువేరో (1967). భవనాలకు వాడే ఉక్కు దూలాలతో చేసి ఎర్ర రంగు పూసిన పెద్ద శిల్పము. కవయిత్రి మేరియన్ మూర్‌కు అంకితమైనది.

కుంచె గీత - రాయ్ లిక్టెన్‌స్టైన్. 1996 నాటి రూపకల్పన ఆధారంగా చేసిన ఈ ఎత్తైన శిల్పం 2003లో ప్రాంగణంలో నిలపబడినది.

కోరికల చెట్టు - యోకో ఓనో (2007). ఇది తోటలో నాటిన సజీవ వృక్షము. వేసవిలో సందర్శకులు తమ కోరికలను కాగితంపై వ్రాసి కొమ్మలకు కట్టేవారు.

నిశ్చల చిత్రణ, స్పిరిట్ మరియు షిట్లే - జిమ్మీ డర్హామ్ (2007). మెక్సికోలోని షిట్లే అగ్నిపర్వతపు శిల ఒక క్రైస్లర్ స్పిరిట్ కారు పైకప్పును నలిపివేసినట్లు ఉంటుంది. 2016లో ఇక్కడ ఏర్పాటైనది.

భవనం గోడపై కళ

కిటికీలు లేని గుండ్రని గోడను తెరగా వాడుకోవచ్చునని పలువురు కళాకారులు గుర్తించారు. పోలండులో జన్మించిన క్రిస్టోఫ్ వోడిచ్కో 1988 అక్టోబరులో గోడపై రాత్రివేళ ఒక పెద్ద బొమ్మను ప్రసరింపజేశాడు. ఒక చేతిలో కొవ్వొత్తి, మరొక చేతిలో తుపాకి, వాటి మధ్య మైకులు ఉన్న బొమ్మ అది. అప్పుడు అధ్యక్ష ఎన్నికలు జరుగుతున్నాయి. 2018లో ఇది మరల ప్రదర్శించబడినది. 2012 వసంతంలో డగ్ ఐట్కెన్ సాంగ్ 1 అనే రచనలో గోడ చుట్టూ 360 డిగ్రీల చలనచిత్రాన్ని చూపాడు. 2021లో గోడ మరమ్మతుల కొరకు కట్టిన పరంజాపై నికోలా పార్టీ గీసిన తెరల చిత్రం అమర్చబడినది. భవనం శిల్పాలకు వెనుకతలంగా ఉండడమే కాక స్వయంగా బహిరంగ కళకు ఆధారమైనదని ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

నడిమి ఖాళీ స్థలంలో గాలి నింపిన పెద్ద బుడగను అమర్చి, దానిని సభామందిరంగా వాడాలని 2009లో మరొక ప్రతిపాదన వచ్చినది. డిల్లర్ స్కోఫిడియో ప్లస్ రెన్‌ఫ్రో సంస్థ దీనిని రూపొందించినది. బుడగ స్థూపం పైకి, ప్రక్కకు ఉబ్బి కనిపించేలా ఉద్దేశించారు. ఖర్చు, నిధుల విషయంలో అభిప్రాయభేదాలు వచ్చి 2013లో ఈ పథకం విరమించబడినది.

ఆరుబయట శిల్పాల సంరక్షణ

ఆరుబయట ఉంచే శిల్పాలలో కాంస్యానివి ఎక్కువ. కాంస్యంలోని రాగి గాలిలోని తేమతోను, గంధక సంబంధమైన వాయువులతోను కలిసి ఆకుపచ్చని పొరగా మారుతుంది. వాన నీరు కారిన దారిలో చారలు ఏర్పడతాయి. శిల్పి కోరిన రంగు ఇది కాదు కాబట్టి, సంరక్షకులు శిల్పాన్ని కడిగి, దానిపై మైనపు పూత పూస్తారు. ఈ పూతను క్రమం తప్పక తిరిగి వేయవలసి ఉంటుంది. రంగు పూసిన ఉక్కు శిల్పాలకు కొన్నేళ్ళకొకసారి రంగు మార్చాలి. శిల్పి వాడిన ఛాయకు సరిగ్గా సరిపోయే రంగు దొరకడం కష్టము. చెక్క, ప్లాస్టరు వంటి వాటిని ఆరుబయట ఉంచరు. అందువలన తోటలో ఏ శిల్పం ఉండాలన్నది అందానికి మాత్రమే సంబంధించిన నిర్ణయం కాదు. పదార్థం కూడా దానిని నిర్ణయిస్తుంది.

తోట లోతున ఉన్నప్పుడు నీటి పారుదల మరొక సమస్య. చుట్టుపక్కల పడిన వాన నీరు పల్లానికి చేరుతుంది. గోడలు ఎల్లప్పుడు మట్టి ఒత్తిడిని, తేమను భరిస్తూ ఉండాలి. దృశ్యం కొరకు తోటను దింపినందుకు ఇది చెల్లించవలసిన మూల్యము.

సుగిమోటో పునర్నిర్మాణము

2014లో మెలిస్సా చ్యూ సంగ్రహాలయ సంచాలకురాలైనది. జపాను కళాకారుడు హిరోషి సుగిమోటో 2018లో భవనపు ప్రవేశశాలను తిరిగి తీర్చిదిద్దాడు. 2019లో ఆయన శిల్పోద్యానానికి కొత్త ప్రణాళిక ప్రకటించబడినది. పాత గోడలు బలహీనపడడము, నీటి పారుదల సరిగా లేకపోవడము, మెరుగైన ప్రవేశ మార్గాలు అవసరం కావడము ఇందుకు కారణాలుగా చెప్పబడినవి. మూసిన సొరంగాన్ని తెరవడము, మాల్ వైపున ప్రవేశాన్ని విశాలం చేయడము, ఆధునిక కాంస్య శిల్పాలకు ఒక భాగము, ప్రదర్శన కళలకు కొలను చుట్టూ ఒక భాగము, పెద్ద సమకాలీన రచనలకు పచ్చికతో ఒక భాగము కేటాయించడం ఇందులోని ముఖ్యాంశాలు.

సున్నం లేకుండా పేర్చినట్లు కనిపించే రాతి గోడలు ఉండాలని సుగిమోటో ప్రతిపాదించాడు. వాటి గరుకుదనం ముందు నునుపైన కాంస్యం స్పష్టంగా కనిపిస్తుందని ఆయన వాదన. చారిత్రక కట్టడాల, ఉద్యానాల పరిరక్షణ కోరేవారు దీనిని వ్యతిరేకించారు. నునుపైన కాంక్రీటు గోడలు, లోపలి అడ్డుగోడ, కొలను భవనంతో ఏకమైన రచన అని, కొత్త రాతి గోడలు ఆ ఐక్యతను భంగపరుస్తాయని వారు వాదించారు. లెస్టర్ కాలిన్స్ చేసిన తోట కూడా చరిత్రలో భాగమే కాబట్టి దానిని తుడిచివేయరాదన్న వాదన కూడా వినవచ్చినది. విచారణల క్రమంలో ప్రణాళికలో కొన్ని మార్పులు జరిగాయి. 2021 డిసెంబరులో జాతీయ రాజధాని ప్రణాళికా సంఘం ఆమోదం తెలిపినది. 2022 నవంబరులో పనులకు శంకుస్థాపన జరిగినది.

ఈ వివాదంలో ఇరుపక్షాల వాదనలకూ బలం ఉన్నది. ఒక వాస్తుశిల్పి రచనను యథాతథంగా కాపాడితే, అందులోని లోపాలు కూడా నిలిచిపోతాయి. 1974 నాటి తోటను మార్చకుండా ఉంచి ఉంటే మెట్లు దిగలేని వారికి నేటికీ ప్రవేశం ఉండేది కాదు. అవసరం వచ్చినప్పుడల్లా మార్చుకొంటూ పోతే, భవనానికీ తోటకూ ఉన్న తొలి సంబంధం కొంతకాలానికి గుర్తుపట్టలేనిదవుతుంది.

ఇతర శిల్పోద్యానాలతో పోలిక

న్యూయార్కులోని ఆధునిక కళా సంగ్రహాలయంలో ఫిలిప్ జాన్సన్ 1953లో శిల్పోద్యానాన్ని రూపొందించాడు. పాలరాతి పలకలు, కొలనులు, గోడలతో ఇది కప్పులేని గది వలె ఉంటుంది. నగరపు తోటలకు ఇది మార్గదర్శి.

డెన్మార్కులో కోపెన్‌హాగన్‌కు ఉత్తరాన ఉన్న లూసియానా సంగ్రహాలయం 1958లో ప్రారంభమైనది. ఇక్కడ భవనం పొడవైన అద్దాల నడవలుగా చెట్ల మధ్య విస్తరించి ఉంటుంది. లోపలి శిల్పము, బయటి శిల్పము, సముద్రము ఒకే చూపులో కనిపిస్తాయి. హిర్ష్‌హార్న్ భవనం తనలోకి ముడుచుకొని ఉండగా లూసియానా బయటికి తెరుచుకొని ఉంటుందని చెప్పవచ్చును.

నెదర్లాండ్స్‌లోని క్రోలర్ ముల్లర్ సంగ్రహాలయం 1961లో తన శిల్పోద్యానాన్ని తెరచినది. అడవి వంటి పరిసరాలలో శిల్పాలు దూరదూరంగా ఉన్నాయి. స్నెల్సన్ సూది గోపురం రెండవ రూపం ఇక్కడే ఉన్నది.

టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్‌లో నాషర్ శిల్ప కేంద్రం 2003లో ప్రారంభమైనది. రెంజో పియానో భవనాన్ని, పీటర్ వాకర్ తోటను రూపొందించారు. ఉత్తరపు వెలుగు మాత్రమే లోపలికి వచ్చేలా పైకప్పు తయారైనది. కొన్నేళ్ళ తరువాత సమీపంలో 42 అంతస్తుల అద్దాల భవనం లేచి, దాని నుండి పరావర్తనమైన ఎండ ప్రదర్శనశాలలోను, తోటలోను పడి తీవ్రమైన వివాదానికి దారితీసినది. శిల్పోద్యానం భవిష్యత్తు దాని గోడల లోపలి విషయాలపైనే ఆధారపడి ఉండదని దీనివలన తెలిసినది.

వాషింగ్టన్‌లోనే, మాల్‌కు ఉత్తరాన, హిర్ష్‌హార్న్‌కు ఎదురుగా, జాతీయ కళాశాలకు చెందిన శిల్పోద్యానం 1999లో తెరవబడినది. ఇది నేలమట్టంలోనే, చెట్ల మధ్య, వృత్తాకారపు కొలను చుట్టూ ఉన్నది. బన్‌షాఫ్ట్ కలగన్న ఉత్తర దక్షిణ బాట ఈ విధంగా మైదానాన్ని త్రవ్వకుండానే కొంతవరకు సిద్ధించినది. 8వ వీధి ఇరుసుపై నడిచే సందర్శకుడు పత్రాగారం నుండి బయలుదేరి, ఒక శిల్పోద్యానం దాటి, పచ్చిక మైదానం మీదుగా రెండవ శిల్పోద్యానాన్ని, దాని వెనుక నిలిచిన గుండ్రని భవనాన్ని చేరుకోవచ్చును.